అబిసీనియా యవలు

ఐరోపాలో వసంతమున విత్తెడి బార్లీ చేలు నేడు బూడిద తెగులునకు వెఱవక నిలుచుచున్నవి. అందులకు ముఖ్యకారణము ఇథియోపియా కొండరైతుల నాటు విత్తనములలో దొరికిన యొక జన్యువు. సస్యశాస్త్రజ్ఞులకు ఇది కొత్త సంగతి కాదు. దానివలన నేర్పడిన ఋణమును గూర్చి పలుకువారు మాత్రము అరుదు.

బూడిద తెగులు గాలివెంట వ్యాపించు శిలీంధ్రమువలన కలుగును. ఆకులపై తెల్లని పొడివలె పేరుకొని పైరు సారమును పీల్చివేయును. దానిని తట్టుకొను రకమును ఎంతయో శ్రమించి పొలమునకు పంపిన కొలది యేండ్లకే శిలీంధ్రము రూపు మార్చుకొని మరల విజృంభించుట పరిపాటి. ఇథియోపియా యవలలోని శక్తి వేఱు. శిలీంధ్రము ఆకు కణములోనికి చొచ్చుటకు మొక్కలోని ‘ఎంఎల్ఓ’ యను జన్యువే తోడ్పడును. అది పనిచేయని మొక్కలో శత్రువు కణపు గోడయొద్దనే ఆగిపోవును. లోపలనుండి గడియ తీయువాడు లేనిచో దొంగ యేమి చేయగలడు? ఈ గుణముతో 1979లో హాలండున వెలువడిన ‘ఆటెమ్’ రకము మొదలు నేటివఱకు, నాలుగు దశాబ్దములు దాటినను, ఈ రక్షణ సడలలేదు. ఆకులపై మచ్చలు పడు లోపము కలదు గాని, సంకరములచే దానిని చాలవఱకు తగ్గించిరి.

జర్మను శాస్త్రజ్ఞులు 1942లో ఎక్స్-కిరణములచే ఇట్టి మార్పునే కృత్రిమముగ పుట్టించిరి. అంతకుముందే అది ఇథియోపియా చేలలో నుండెను. 2004లో ప్రకటితమైన పరిశోధన ననుసరించి, ఈ గుణము అడవి యవలనుండి వచ్చినది కాదు. మానవుడు సేద్యమునకు తెచ్చిన తరువాత పుట్టినది. అనగా దీనిని నిలిపినది అరణ్యము కాదు, కర్షకుని గాదె.

ఆ విత్తనములు దేశము దాటిన కాలమును పాఠకులు గమనింపవలెను. 1936లో ఇటలీ సేనలు అడిస్ అబాబాను పట్టుకొనెను. 1937-38లో జర్మను యాత్రికులు ఆ పరాధీన దేశమున గింజలు సేకరించిరి. ఇచ్చుటకో మానుటకో అధికారము గల చక్రవర్తి అప్పుడు ఇంగ్లండున ప్రవాసి.

అడవి యవలను మేము చిన్నబుచ్చుట లేదు. పశ్చిమాసియా కొండవాలులపై పెరుగు ఆ గడ్డిలోనుండి కుంకుమ తెగులును, బూడిద తెగులును ఎదుర్కొను జన్యువులను వెదకి తీయుచునే యున్నారు. అలెప్పో చెంత నుండిన ఇకార్డా విత్తన భాండాగారము సిరియా యుద్ధమున చిక్కినపుడు, 2015లో స్వాల్బార్డు హిమభూమిలో దాచిన ప్రతులను తెప్పించి లెబనాను, మొరాకోలలో మరల విత్తిరి. ముందుచూపు అనగా అది.

ఇక ధర్మము మాట. జీవవైవిధ్య ఒడంబడిక 1993లో అమలులోనికి వచ్చెను. అంతకు పూర్వము తరలిపోయిన గింజలకు అది వర్తింపదు. 2004లో అమలైన విత్తన సంపద ఒడంబడిక బార్లీని తన పట్టికలో చేర్చుకొన్నది. కాని కొత్త రకమును ఇతర పరిశోధకులకు అడ్డు లేక విడిచినచో, అమ్మకములపై చెల్లింపు ఐచ్ఛికమే. ఇచ్ఛాధీనమైన ఋణమును తీర్చువా రెందఱు? మన దేశమున 2001లో చేసిన చట్టము రైతు కాపాడిన జాతులకు వాటా విధించి, జన్యు నిధి నేర్పఱచినది. ఆచరణ ఎట్లున్నను సూత్రము సరియైనది.

ఈ జన్యువు గల బార్లీని అమ్మి లాభించు సంస్థలు ఆ ఒడంబడిక నిధికి యేటేట కొంత చెల్లింపవలెనని మా అభిప్రాయము. అందు మొదటి భాగము, ఇథియోపియా కొండలపై నాటు యవలను నేటికిని విత్తుచున్న రైతునకు, ఆ విత్తనము విడువకుండుటకై, చేరవలెను.