ఆత్మజయము

మన పట్టణములలో గీతోపన్యాసములకు కొఱత లేదు. ధనుర్మాసమునందును, శ్రీరామనవమి పందిళ్లలోను, పఠనమందిరముల వార్షికోత్సవములలోను పండితులు సెలవిచ్చుచునే యున్నారు. జనులు శ్రద్ధతో వినుచునే యున్నారు. కాని సభ ముగిసిన పిమ్మట చెప్పులు విడిచిన చోటనే ఒకరినొకరు త్రోసికొనుటయు, ఇల్లు చేరిన వెంటనే ఆలుబిడ్డలపై కసరుకొనుటయు చూచుచున్నాము. పరులను నిందించుటకు ఈ మాట వ్రాయలేదు. ఈ పంక్తులు వ్రాయువారును ఆ శ్రోతలలోనివారే.

విన్నది వంటబట్టకపోవుటకు కారణమేమి? ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుని కథ దీనికి సమాధానము చెప్పుచున్నది. పాండవులయొద్దనుండి తిరిగివచ్చిన సంజయుడు, సందేశమును మఱునాడు సభలో విన్నవించెదనని వెడలిపోయెను. ఆ రాత్రి రాజునకు నిద్దుర పట్టలేదు. విదురుని రప్పించెను. విదురుడు చెప్పిన నీతులలో ముఖ్యమైనది ఇది: రాజు మొదట తన్ను తాను జయింపవలెను, పిదప మంత్రులను, ఆ పిమ్మటనే శత్రువులను. తన్ను గెలువక పరులను గెలువబోవువాడు భంగపడును. ధృతరాష్ట్రుడంతయు వినెను, మెచ్చెను. తుదకు, విదురుని మాటలు వినునంతసేపు తన బుద్ధి పాండవులవైపే యుండుననియు, దుర్యోధనుని కలిసికొనగనే మరల తిరిగిపోవుననియు తానే ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలునకు చెల్లించిన మూల్యము పదునెనిమిది దినముల యుద్ధము, నూర్గురు కొడుకుల మరణము. అతనికి గురువు కొఱవడలేదు, జ్ఞానము కొఱవడలేదు. కొఱవడినది నిగ్రహము.

నిగ్రహమనగా ఏమో కఠోపనిషత్తు రథోపమానముతో తేటపఱచినది. శరీరము రథము, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు కళ్లెము, ఇంద్రియములు గుఱ్ఱములు. గుఱ్ఱములను చంపుమని ఋషి చెప్పలేదు. చంపినచో రథము కదలదు. సారథి మేలుకొని యుండవలెననియే ఆయన భావము. మితిమీఱి తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము కుదురదని గీత ఆఱవ అధ్యాయము చెప్పుచున్నది. చేతులు కట్టుకొని మనస్సులో విషయములనే నెమరువేయువానిని మూడవ అధ్యాయము మిథ్యాచారుడన్నది. మనస్సు గాలివలె పట్టరానిదని అర్జునుడు మొఱపెట్టుకొనగా, శ్రీకృష్ణుడు కాదనలేదు. అభ్యాసము, వైరాగ్యము అను రెండు సాధనములను చూపెను. పతంజలియు ఆ రెంటినే చెప్పెను. కనుక ఇది ఒకనాటి ఉపన్యాసముతో అలవడునది కాదు, దినదినము చేయవలసిన సాము.

ఎచట ఆరంభింపవలెను? గీత రెండవ అధ్యాయమున పతనక్రమము కలదు. విషయమును తలపోయుట వలన సంగము, సంగము వలన కామము, కామము వలన క్రోధము, అందుండి మోహము, స్మృతిభ్రంశము, బుద్ధినాశము, తుదకు సర్వనాశము. మనము క్రోధము పైకుబికినపుడు మాత్రమే మేలుకొందుము. అప్పటికి గొలుసులో మూడు లంకెలు గడచిపోయినవి. తలపోతయొద్దనే త్రెంచుట సులభము.

చాలకాలముగా న్యాయస్థానముల గడపలు త్రొక్కుచున్న మాకు ఇది పుస్తకపు మాట కాదు. ఒక పొలముగట్టు విషయమై అన్నదమ్ములిరువురు ఏండ్ల తరబడి వ్యాజ్యమాడిరి. ఖర్చులకై ఇరువురి పొలములును అమ్ముడుపోయినవి. తీర్పు వచ్చిననాడు గెలిచిన అన్న మాతో నిట్లనెను: “బాబూ, ఆనాడు ఇంటికి పోయి గ్రుక్కెడు మజ్జిగ త్రాగి మాటాడియుంటే ఈ దావాయే లేదండీ.” ఆ వ్యాజ్యములో ఫీజు పుచ్చుకొన్నవారిలో మేమును ఒకరము. ఆ మాట మమ్ము నేటికిని బాధించుచున్నది. గ్రుక్కెడు మజ్జిగకు పట్టు కాలము నిలుపుకొనలేక ఎన్ని కాపురములు కూలుచున్నవో!

ఒక్క గృహమునకు చెల్లిన ఈ సూత్రము దేశమునకును చెల్లును. గాంధీ మహాత్ముడు 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్‌లోనే స్వరాజ్యమునకు ఆత్మపాలనమను అర్థము చెప్పెను. ఆయన ఆశ్రమమున సాయంప్రార్థనలో స్థితప్రజ్ఞలక్షణములను పఠించుట పరిపాటి. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో, పోలీసులు కాల్పులు జరిపినమీదట జనసమూహము ఠాణాకు నిప్పుపెట్టగా ఇరువదిమందికి పైగా పోలీసులు మరణించిరి. ఉద్యమము ఉచ్చస్థితిలో నుండగా మహాత్ముడు దానిని నిలిపి, అయిదుదినములు ఉపవసించెను. ఆ నిర్ణయము తగునా యని నేటికిని వాదించువారు కలరు. కాని పగ్గములు తెగిన రథమును ముందునకు తోలనన్న సారథి హృదయమును గ్రహింపవలెను. 1930 మే 21న ధరాసన ఉప్పుకొటారు ముందు సత్యాగ్రహులు లాఠీదెబ్బలు తినుచు, అడ్డుకొనుటకైనను చేయి యెత్తక వరుస వెంట వరుసగా నడచిరి. పిఱికివానికి సాధ్యమగు పని కాదది.

1947లో పరపాలనము తొలగినది. అంతశ్శత్రువుల పాలనము తొలగినదా? చేతిలోని ఫోనున ఒక దుర్వార్త కనబడగనే నిజానిజములు విచారింపక పదుగురికి పంపుచున్నాము. నొప్పింపనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది యగు మాటయే వాక్తపస్సని పదునేడవ అధ్యాయము బోధించుచుండగా, ఆ నాలుగింటిలో ఒక్కటియు లేని మాటను నిమిషములో ఊరంతయు చాటుచున్నాము. ఇట్లు రగిలిన నిప్పు ఎవరి ఇల్లు కాల్చునో పంపినవానికి తెలియదు.

పాఠకమహాశయులారా! అడవులకు పొండని మేము కోరుట లేదు. కోపము వచ్చినపుడు ప్రత్యుత్తరమును మఱునాటివఱకు ఆపుడు. విన్న నిందను విచారింపక ఇంకొకరి చెవిని వేయకుడు. రాత్రి పరుండబోవుటకు ముందు ఆ దినమున ఎచట తప్పితిమో ఒక్కసారి తలచికొనుడు. ఈ మూడు నియమములను పక్షము దినములు పాటించి చూడుడు, మేమును పాటించెదము. విదురుని మాటలు వినుటకు తీఱిక దొరకుచునే యున్నది. రేపు దుర్యోధనుడు ఎదురుపడినపుడు మన బుద్ధి ఎటు నిలుచును? అదియే పరీక్ష.