ముక్కు చూడని మోకాలి వైద్యం

మోకాలి చిప్ప మార్పించుకుంటున్నారా? శుభం. ఏ కంపెనీ సరుకు, ఏసీ గదేనా, వైద్యసేవ కార్డు చెల్లుతుందా అని పదిమందిని అడిగారు. మీ ముక్కులో ఏ క్రిమి కాపురముందో చూశారా అని డాక్టరును అడిగారా? మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరూ ఇద్దరే!

వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, కంటికానని నలుసు కూడా తీసేశాకే నూలు వడికే ఊరు పొందూరు. ఆ రాట్నం ముందు కూర్చుని కూర్చుని అరిగిన మోకాలిని కోసేముందు మన పాలరాతి ఆసుపత్రులకు ఆపాటి ఓపిక ఉండదు.

స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఉంటుంది. జ్వరముండదు, నొప్పుండదు, మనిషి దుక్కలా ఉంటాడు. అది మందులకు లొంగని రకమైతే, కోతకు ముందు మామూలుగా ఇచ్చే సెఫజోలిన్ యాంటీబయాటిక్ దాని వెంట్రుక కూడా పీకలేదు. లోహపు కీలుకు అంటుకుని జిగురు పొర కప్పుకుందా, ఇక పెట్టిన కీలు పీకి, నెలల తరబడి చీముతో వేగి, మళ్లీ కోయించుకోవాలి. బిల్లు మళ్లీ మీదే.

విరుగుడు బ్రహ్మవిద్యా? ముక్కులో దూదిపుల్ల తిప్పి ల్యాబుకు పంపడం. క్రిమి ఉంటే ముపిరోసిన్ పూత, క్లోర్‌హెక్సిడిన్ స్నానం. ఎముకల ఆపరేషన్లకు ముందు ఆ పూత వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. 2017లో కేంద్రం కృత్రిమ మోకాలి ధరకు కళ్లెం వేస్తే లబోదిబోమన్న వ్యాపారుల చెవికి ఈ మాట మాత్రం సోకలేదు.

కోత ముగిశాక ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ పొడిగించొద్దనీ ఆ సంస్థే చెప్పింది. మనవాళ్లు "ఎందుకైనా మంచిది" అంటూ రోజుల తరబడి పొడుస్తారు. ముక్కు సరే, పేగుల్లో మందులకు లొంగని మొండి ఈ.కోలి క్రిమిని మోసేవాళ్లకు కోతకు ముందిచ్చే మందు మార్చాలో వద్దో చెప్పేంత ఆధారం లేదని ఆ సంస్థ ఒప్పుకుంది. ఇక్కడ ఒప్పుకోవడానికి నామోషీ.

ఇక మీ సంగతి. రెండు విరేచనాలైతే చాలు, సెఫిక్సిమ్ యాంటీబయాటిక్! మందులషాపు కుర్రాడే మీ ప్రొఫెసర్. 2014 నుంచి దాన్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి, రిజిస్టర్లో విడిగా రాయాలి. చీటీ చూపించారా? ఆ మొండి క్రిమిని మేపింది మీరే. కోపమొచ్చిందా? రానీండి.

ఆ కోపంతోనే, ఇన్ని వేల ఆపరేషన్లంటూ ఫ్లెక్సీ కట్టిన ఆసుపత్రికి వెళ్లి అడగండి: అందులో చీము పట్టినవెన్ని? లెక్క చెప్పకపోతే సంచీ సర్దుకుని లేచి రండి.