కాటన్ దొరనూ ఆ గాటనే కట్టేస్తారా?

సంపాదకులకు,

కోనసీమ కూడళ్లలో విగ్రహాలన్నీ ఒకే అచ్చులో పోసిన ఫైబర్ బొమ్మలని, అవి కళే కావని గత వారం మీ వ్యాసకర్త తేల్చేశారు. సగం నిజమే. హడావుడిగా నిలబెట్టే నేతల బొమ్మల్ని దిమ్మె మీద పేరు చదివితే తప్ప పోల్చుకోలేం. పైగా జయంతికో పూత చొప్పున వేసే బంగారు రంగులో కనుబొమలు కూడా పూడుకుపోతాయి.

కానీ కాటన్ దొరనూ ఆ గాటనే కట్టేయడం అన్యాయం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఇంజనీరును మనవాళ్లు కుర్చీలో కూర్చోబెట్టలేదు, గుర్రమెక్కించారు. మే 15న ఆయనకు దండ వేసే రైతు నిష్పత్తులు కొలవడు, నిజమే. అయితే కొత్తపేట శిల్పులు కొలుస్తారు. బంకమట్టి నమూనా దగ్గరే పెదవి వంపు కుదరాలి. అచ్చు తీశాక దిద్దడానికి పెద్దగా ఏమీ మిగలదు.

భీమవరంలో 2022లో 30 అడుగుల అల్లూరి కంచు విగ్రహం లేచినప్పుడు అంతా ఎత్తు గురించే మాట్లాడాం. ముఖం గురించి ఎవరు మాట్లాడారు? దిమ్మెల మీద ఆవిష్కర్తలు, దాతల పేర్లుంటాయి. చాలాచోట్ల శిల్పి పేరు మాత్రం వెతికినా దొరకదు. మీ వ్యాసకర్త ఆ సంగతి అడిగి ఉంటే సంతోషించేవాణ్ణి.

– ఓ పాఠకుడు, రావులపాలెం