రాసిచ్చే ముందే షరతు రాయించండి

ఉన్న ఎకరం, రెండెకరాలూ పిల్లల పేర దాన సెటిల్మెంటు రాసిచ్చేసే పెద్దలు మన పల్లెల్లో చాలామంది. ఆనక వంతుల తిండి మొదలవుతుంది. పక్షవాతం వచ్చి మంచాన పడితే మందులకెవరు, ఎత్తి కూర్చోబెట్టే మనిషికి కూలెవరు అన్నదే తగవు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఇలాంటి వారికోసమే. చట్టం వచ్చాక ఆస్తి రాసిచ్చిన 60 ఏళ్లు నిండినవారు, పిల్లలు చూడకపోతే దస్తావేజు రద్దు కోరుతూ ఆర్డీవో ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. పోషించాలన్న షరతు లేకపోతే 23వ సెక్షన్ కింద రద్దు కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం దానపత్రం రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. అక్కడ చూసుకుంటానన్న కొడుకు మాట రాతలో ఉంది.

'కన్నకొడుకు దగ్గర షరతులేంటి, నలుగురూ నవ్వరా?' అంటారు. చేబదులుకే నోటు రాయించుకుంటామే, బతుకంతా అప్పగించేటప్పుడు సిగ్గెందుకు? చూసే కొడుక్కి ఆ షరతు బరువు కాదు.

తిండి, బట్ట, వైద్యం, మంచాన పడితే మనిషి ఖర్చు అని దస్తావేజులో విడివిడిగా రాయించండి. అరెకరమైనా కడదాకా మీ పేరనే ఉంచుకోండి. అన్నిటికంటే మేలు వీలునామా. మీరున్నంతకాలం భూమి మీదే, మనసు మారితే మార్చి రాయొచ్చు. ఇప్పటికే రాసిచ్చేసి, బతుకు గడవని తల్లిదండ్రులు అదే ట్రిబ్యునల్‌లో పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు కోరవచ్చు.