మత్తు ఖూన్‌లోనే ఉంటుందా?

అబ్బాయి బుద్ధిమంతుడు, ఉద్యోగం ఉంది, నమాజు తప్పడు. కానీ తండ్రి తాగేవాడట! ఈ ఒక్క మాటతో ఖాయం కాబోయిన రిష్తా వెనక్కి పోవడం మన ఇళ్లలో కొత్త కాదు. ‘ఖూన్‌లోనే ఉంది’ అని పెద్దలు తేల్చేస్తారు. ఆ ఖూన్ గుట్టు పరిశోధించేవారు మనకు దూరంగా ఏమీ లేరు. ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ ఉంది. డీఎన్ఏ వేలిముద్రలకు పేరుపడ్డ సీడీఎఫ్‌డీ చాలా ఏళ్లు నాచారంలో నడిచి, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. రక్తం పరీక్షించి కుర్రవాడు రేపు తాగుబోతు అవుతాడో లేదో అక్కడ చెప్పగలరా? అక్కడే కాదు, ప్రపంచంలో ఎక్కడా చెప్పలేరు.

అలాగని పెద్దల మాట బొత్తిగా అబద్ధమూ కాదు. పసితనంలోనే దత్తత వెళ్లిన మగపిల్లలపై డోనాల్డ్ గుడ్విన్ బృందం డెన్మార్క్‌లో జరిపిన పరిశీలన 1973లో వెలువడింది. కన్నవారిలో ఒకరు మద్యానికి బానిస అయితే, వేరే ఇంట పెరిగిన కొడుకుకు కూడా ఆ వ్యసనం పట్టే అవకాశం మిగతా దత్తపుత్రుల కన్నా మూడు రెట్లకు పైగా ఉందని తేలింది. అయితే సంబంధాలు చూసేవారు గమనించాల్సిన విషయం మరొకటుంది. అలాంటి కొడుకుల్లో అయిదుగురికి నలుగురు తాగుబోతులు కాలేదు!

కారణం ఏమిటంటే, కొన్ని లోపాలకు ఒక్క జన్యువు చాలు. వైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్ వేళ కండరాలు సడలించే ఒక మందు ఇస్తే గంటల తరబడి ఊపిరి అందదు. సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనంలోనూ దీని ప్రస్తావన ఉంది. అది ఒకే జన్యువు పని, ముందే పరీక్షించి జాగ్రత్తపడవచ్చు. వ్యసనం అలా కాదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం తోస్తాయి. కొన్ని కాపాడతాయి కూడా. చైనా, జపాన్ వాసుల్లో చాలామందికి ఉన్న ఒక జన్యువు మార్పు వల్ల కాస్త తాగినా ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది. అలాంటివారు తాగుడుకు బానిసలు కావడం తక్కువ.

ఇక జన్యువులకన్నా చేతికందే సరుకు ఎంత బలమైనదో తెలంగాణ స్వయంగా చూసింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై అధికారులు విరుచుకుపడ్డారు. కల్లు దొరకక మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆస్పత్రులకు చేరారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. అంతమందికీ చెడ్డ జన్యువులే వచ్చాయా? వారిని బానిసల్ని చేసింది కల్లులో కలిపిన ఆల్ప్రజోలం, డైజిపాం వంటి మత్తుమందులు.

కాబట్టి ఆరా తీయవలసింది తండ్రి గురించి కాదు, అబ్బాయి అలవాట్ల గురించి అని మా అభిప్రాయం. తండ్రి చేసిన దానికి ఆడపిల్ల సంబంధాలు కూడా చెడిపోవడం మరీ అన్యాయం. అయితే అలాంటి ఇంటి పిల్లలు తమ సంగతి తెలుసుకుని మసలుకోవాలి. ‘ఒక్కసారే కదా’ అన్న స్నేహితుడి మాట అందరికన్నా వారికే ఎక్కువ ప్రమాదం. నిద్రమాత్రలో, గట్టి నొప్పిమాత్రలో రాసే డాక్టరుకు ఇంటి చరిత్ర దాచకుండా చెప్పాలి. ఇప్పటికే అలవాటు పడ్డవారు నిద్రమాత్రల్ని ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు సలహాతో మెల్లమెల్లగా తగ్గించాలి. పరువు పోతుందని ఇరుగుపొరుగును అడగలేని వారికి 14446 నంబరు ఉంది. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, ఫోనుకు ఖర్చు లేదు.