మలివయసున నిలువ నీడ

పొదిలి వంటి ఊరిలో ఇల్లనగా నాలుగు గోడలు, పైకప్పు మాత్రమే కాదు. వీధి అరుగు, అరుగు ముందరి వేపచెట్టు, తెల్లవారుజామున పాలవాని కేక, సాయంకాలము నిర్మమహేశ్వరస్వామి ఆలయమునకు పోవువారి పలకరింపు - ఇవి అన్నియు కలిసినగాని అది ఇల్లు కాదు. ముప్పది సంవత్సరములు పాఠములు చెప్పి విరమించిన ఉపాధ్యాయునకు ఆ వీధిలో మరియొక సంపద కూడ కలదు. ఆయన బస్సుస్టాండు దాక పోయి వచ్చు లోపల "అయ్యవారూ, బాగున్నారా?" అని నలుగురైనను నిలిచి అడుగుదురు. ఆ పలకరింపునకు వెల కట్టువారు లేరు. కనుకనే ఇల్లు అమ్మునప్పుడు అది లెక్కలోనికి రాదు.

నేడు పశ్చిమ ప్రకాశమున అట్టి ఇండ్లు అనేకము అమ్మకమునకు వచ్చుచున్నవి. చదువుకొన్న బిడ్డలు హైదరాబాదుననో, బెంగుళూరుననో, అమెరికాలోనో స్థిరపడినారు. తలిదండ్రులను ఒంటరిగా విడువ లేక వారు రెండు త్రోవలు చూపుచున్నారు. ఒకటి, నగరమున తమకు చేరువలో మామూలు అపార్ట్‌మెంటునందు ఒక ఫ్లాటు. రెండవది, 'సీనియర్ లివింగ్' అను పేర వెలసిన వృద్ధుల నివాస సముదాయము. వృద్ధాశ్రమమన్న మాట వినగనే తల వంచుకొను కుటుంబములు ఈ క్రొత్త మాటను కొంత గర్వముతోనే పలుకుచున్నవి. భేదము లేకపోలేదు. ఆశ్రమము ఆధారము లేనివారికి ఆశ్రయము. సముదాయము సొమ్ము చెల్లించి కొనుక్కొను సదుపాయము. అయినను, ఈ రెండు త్రోవలలో ఏది మేలన్న ప్రశ్న సొమ్ముతో తేలునది కాదు.

సముదాయము పక్షమున చెప్పదగినది చాల కలదు. కోయంబత్తూరు ఇట్టి నివాసములకు ముందుగా పేరు పొందినది. చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు నగరముల శివారులలో కూడ ఇవి వెలసినవి. స్నానపుగదిలో పట్టుకొనుటకు కమ్ములు, కాలు జారని గచ్చు, చక్రాల కుర్చీ సాగిపోవు వాలుబాట, అర్ధరాత్రి మీట నొక్కినచో పరుగున వచ్చు మనిషి, వేళకు భోజనము - ఇవి విలాసములు కావు. పొదిలి, కనిగిరి, మార్కాపురము ప్రాంతముల వారికి అసలే కావు. ఇచ్చటి భూగర్భజలములలోని ఫ్లోరైడు ఎన్ని కుటుంబములను పీడించినదో అందరును ఎరుగుదురు. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్ళు బిగిసికొనిపోవును, నడుము వంగిపోవును. అట్టి వృద్ధునకు లిఫ్టు చెడిపోయిన భవనములో నాలుగవ అంతస్తు ఇల్లు కాదు, చెరసాల.

మామూలు అపార్ట్‌మెంటునకును తన బలము తనకు కలదు. అచ్చట అన్ని వయసులవారును ఉందురు. మెట్లపై పిల్లల పరుగులు వినబడును. ఒక వాకిట పెండ్లి తోరణము, వేరొక వాకిట పరీక్షకు పోవు విద్యార్థి కనబడుదురు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టము ప్రకారము యజమానులు సంఘముగా ఏర్పడి తమ వ్యవహారములు తామే నడుపుకొనవలెను. అందు వృద్ధుని మాటకును చోటుండును. ఫ్లాటును ఎవరికైనను అమ్ముకొనవచ్చును. అయితే కొడుకు, కోడలు ఉదయము ఉద్యోగములకు పోయి రాత్రికి గాని రారు. తలుపులు మూసిన వరండాలో ప్రక్క వాటావారి పేరైనను తెలియక దినములు గడచిపోవును. "మేము దగ్గరనే ఉన్నాము గదా!" అను బిడ్డలు కొలుచునది దూరమును మాత్రమే, రోజుకు ఎన్ని మాటలు మాట్లాడినారో కొలుచుకొనరు.

ఇక కాగితముల మాట. సముదాయమున ఇంటి వెల ఒక్కసారి చెల్లించినంత మాత్రమున ఋణము తీరదు. నెలనెలా నిర్వహణ సొమ్ము, భోజనపు సొమ్ము ఉండును. ఏటేటా అది ఎంత పెరుగునో పత్రములో ఉన్నదా? దంపతులలో ఒకరు గతించిన పిమ్మట రెండవవారి స్థితి ఏమి? జ్ఞాపకశక్తి సన్నగిల్లినచో ఉంచుకొందురా, మరియొకచోటికి పొమ్మందురా? తిరిగి అమ్మదలచినచో వృద్ధులకే అమ్మవలెనా? నిర్వహించు సంస్థ మారినచో బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన సమాధానము లేనిచో సంతకము చేయరాదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము ప్రకారము నిర్మాత నమోదైన ఒప్పందము లేక వెలలో 10 శాతమునకు మించి తీసికొనరాదు. విశ్రాంత గృహముల విషయమై కేంద్ర ప్రభుత్వము 2019 లో మార్గదర్శక సూత్రములను వెలువరించినది. కాని అవి నమూనాలు మాత్రమే. 2004 సెప్టెంబరు 1 నుండి కొలువులో చేరిన ఉపాధ్యాయులు మరింత జాగరూకులై ఉండవలెను. వారిది పాత పెన్షను కాదు, చందా పెన్షను. నెలసరి ఖర్చు పెరిగినట్లు రాబడి పెరుగునన్న భరోసా వారికి లేదు.

అంతకంటె పెద్ద అపాయము పొదిలి ఇంటిని తొందరపడి వదలుకొనుటలో ఉన్నది. బిడ్డల పేర ఇల్లు వ్రాసియిచ్చి, వారి మాటను నమ్మి బయలుదేరువారు కలరు. 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టములోని 23వ విభాగము, పోషింతురన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో రద్దు చేయించుకొనుటకు వీలు కల్పించినది. కాని అట్టి షరతు ఉన్నట్లు చూపవలసి ఉండునని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టము చేసినది. ప్రేమ మీద అనుమానముతో కాదు, ప్రేమకు రక్షణగా ఆ ఒక్క వాక్యము దానపత్రములో వ్రాయించుకొనుట వివేకము. ఇంకను మేలైనది, ఇల్లు అమ్మకమునుపే క్రొత్తచోట ఒక సంవత్సరము అద్దెకు ఉండి చూచుట. తాళము చెవి చేతిలో ఉన్నంత కాలము తిరిగి వచ్చు త్రోవ ఉండును.

సదుపాయములు, పత్రములు సరిచూచుకొన్న పిమ్మట కూడ ఒక ప్రశ్న మిగులును. వృద్ధులను వృద్ధుల నడుమనే ఉంచుట మేలా? అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున 1960 జనవరి 1 న సన్ సిటీ అను పట్టణము ప్రారంభమైనది. అది విశ్రాంత జీవుల కొరకే కట్టిన ఊరు. బడి ఈడు పిల్లలు అచ్చట కాపురముండరాదు. ఆటస్థలములు, ఈతకొలనులు, సమావేశ మందిరములు అన్నియు అమరినవి. కాని ఆ ప్రాంతపు పాఠశాలల నిర్మాణమునకై ఋణము తెచ్చు ప్రతిపాదనలు ఓటునకు వచ్చినప్పుడు, సన్ సిటీ వాసులు వానిని పలుమారులు ఓడించిరి. తుదకు 1970వ దశకమున ఆ ఊరిని ఆ పాఠశాల మండలము నుండి విడదీయవలసి వచ్చినది. ఆ వృద్ధులు దుష్టులు కారు. పిల్లలు కంటికి కనబడని చోట ఉన్నవారికి పిల్లల బడి పరాయిదైనది, అంతే.

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ నగరమున మరియొక త్రోవ త్రొక్కినారు. 2010 తరువాతి సంవత్సరములలో హ్యూమనిటాస్ అను వృద్ధుల నివాసము కొందరు విశ్వవిద్యాలయ విద్యార్థులకు అద్దె లేకుండ గదులు ఇచ్చినది. ప్రతిగా విద్యార్థి నెలకు 30 గంటలు అచ్చటి పెద్దలకు మంచి పొరుగువాడై మెలగవలెను - కలిసి భోజనము చేయవలెను, ఆడవలెను, కంప్యూటరు నేర్పవలెను. విద్యార్థికి గది దొరకినది. వృద్ధునకు పొరుగు దొరకినది.

ఈ రెండు ఊళ్ళ నడుమ పొదిలి వృద్ధుని ప్రశ్నకు సమాధానము ఉన్నది. శరీరము కదలనీయక, రాత్రివేళ ఆదుకొను చేయి దగ్గర లేనివారికి సముదాయము అవమానము కాదు. అది గౌరవప్రదమైన ఆశ్రయమే. శక్తి ఉన్నవారికి నలుగురి నడుమ ఉన్న మామూలు ఇల్లే మేలు. కాని ఏది ఎంచుకొన్నను, పసిపిల్లల గొంతు వినబడని చోటును ఎంచుకొనరాదు. సముదాయమైనచో దాని ద్వారము ప్రక్కన బడి ఉన్నదా అని చూడవలెను. అపార్ట్‌మెంటైనచో సాయంకాలము నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పుటకు చోటున్నదా అని చూడవలెను. మనిషికి తిండి, మందులు ఎంత అవసరమో, తాను ఇంకను ఒకరికి పనికివత్తునన్న నమ్మకమును అంతే అవసరము.

ఇంతకును ఎంచుకొనవలసినది ఎవరు? బిడ్డలు ఫోనులో కూడి, వెలలు సరిపోల్చి, నాన్నగారికి ఇది మంచిదని తీర్మానింతురు. నాన్నగారిని మాత్రము తుదకు అడుగుదురు. అప్పటికి బయానా కూడ చెల్లించియుందురు. భర్త వెంట కదలవలసిన అమ్మను అదియు అడుగరు. పెద్దల మీది ప్రేమ ఇట్లు పెద్దల నోరు మూయుట న్యాయము కాదు. ఎవరు ఉండవలెనో వారు చూచి, ఉండి, ఔననినప్పుడే అది వారి ఇల్లగును.

ఈ విషయమున బడులు చేయగలిగినదియు కలదు. పశ్చిమ ప్రకాశమున ప్రతి ఉన్నత పాఠశాల చుట్టును విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. వారానికి ఒక గంట వారిని తరగతికి పిలిచినచో, ఒక విద్యార్థి సాయంకాలము వారి గుమ్మము ముందు నిలిచి యోగక్షేమములు అడిగినచో, కొందరికైనను ఊరు విడువవలసిన అవసరమే రాకపోవచ్చును. వచ్చినను, వారు పోవు చోట మొదట వెదకవలసినది లిఫ్టును కాదు. "అయ్యవారూ, బాగున్నారా?" అని అడుగు చిన్న గొంతు అచ్చట ఉన్నదా, లేదా అన్నదే.