ఊడ్చే చెయ్యి ఎవరిది?

రెండు గదుల ఇల్లు, రెండు పిల్లులు, ఓ కుక్క. చీపురు పడితే బొచ్చు గాల్లోకి లేచి మళ్లీ మంచం మీదే వాలుతుంది. వైరులేని వాక్యూమ్ క్లీనర్ కొందామంటే మగవాళ్లు వాట్ల లెక్కలేస్తారు. ఊడ్చే చెయ్యి ఎవరిదో ఆ లెక్కలో ఉండదు! పెట్టె మీద 40 నిమిషాలని రాసేది తక్కువ స్పీడుకి. ఫుల్ స్పీడులో చాలావాటికి పావుగంట రావడమే గగనం. చిన్నింటికి అది చాలు లెండి. బ్యాటరీ ఊడదీసి మార్చుకోవచ్చా, బ్రష్‌కి చుట్టుకున్న వెంట్రుకలు సులువుగా వస్తాయా అన్నదే అసలు సంగతి. పిల్లి పడనివాళ్లని తుమ్మించేది బొచ్చు కాదు, పిల్లి ఉమ్మిలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్. అందుకే హెపా ఫిల్టర్ అడగండి, డబ్బా బయటే ఖాళీ చెయ్యండి. కొట్లో మిషన్ని ఓసారి ఫ్యాను దాకా ఎత్తి చూడండి. చెయ్యి లాగితే వద్దనండి. ఆయనకదే నచ్చిందంటారా? అయితే వారానికి మూడ్రోజులు ఆయన్నే పట్టమనండి.